కంప్యూటర్ వేడెక్కింది, తప్పు నాది



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో క్లాస్ టీచర్ గారు "మీ అమ్మాయి కంప్యూటర్ సంగతి న్యూస్‌లెటర్‌కి రాయండి సార్, మిగతా పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది" అన్నారు. సరే రాస్తానన్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, ఆ కథలో సగం నా పొరపాటు గురించే రాయాలని. అది వదిలేసి మిగతాది రాస్తే మీకు పనికొచ్చేది ఏమీ మిగలదు. అందుకని జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

మీ ఇంట్లో కూడా పిల్లలు ఎప్పుడో ఒకసారి "నాన్నా, మంచి కంప్యూటర్ కావాలి" అని అడిగే ఉంటారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో అడిగినప్పుడు, మీలో చాలామంది అనే మాటే నేనూ అన్నాను: "టెన్త్ అయ్యాక చూద్దాంలే." తను అడిగింది ఆటలకు కాదు. బ్లెండర్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో త్రీడీ బొమ్మలు చేసి, వాటిని వరుసగా పేర్చి వీడియో చేయడం తన సరదా. నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కో బొమ్మ తయారవడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలూ దాని ఫ్యాను మిక్సీలా మోగేది. పక్క మంచం మీద పడుకునే మా అమ్మ రెండు రోజులు చూసి, "ఆ మిషను ఆపితే గానీ నాకు నిద్ర పట్టదు" అంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పండగలకీ పుట్టినరోజులకీ పెద్దవాళ్లు ఇచ్చిన డబ్బులు తను రెండేళ్లు దాచుకుంది. మిగతాది నేను వేస్తాను. దసరా సెలవుల్లో తనే బిగించుకోవాలి. నేను పక్కన ఉంటాను. గదిలో నానమ్మ నిద్రపోతుంది కాబట్టి చప్పుడు రాకూడదు. ఆ చివరి షరతు పట్టుకునే తను "అయితే వాటర్ కూలింగ్ చేద్దాం నాన్నా" అంది. మంచి ఎయిర్ కూలర్ పెట్టినా ఆ పని జరిగేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు. తెలిసినా, తన మొహం చూసి కాదనలేకపోయేవాణ్ణి.

నీళ్లు చేసే పని ఏమిటంటే

ఎప్పుడూ చూడని వాళ్ల కోసం నాలుగు మాటలు. ప్రాసెసర్ అనేది అరచేతిలో సగం కూడా ఉండదు. తను తీసుకున్న 12 కోర్ల ప్రాసెసర్ పూర్తిగా పనిచేస్తున్నప్పుడు సుమారు 140 వాట్ల వేడి పుట్టిస్తుంది. అంటే పాత రోజుల 60 వాట్ల బల్బులు రెండు కలిపినదానికంటే ఎక్కువ, అంత చిన్న చోట. దాని మీద రాగి దిమ్మ ఒకటి బిగిస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. దాని లోపల దువ్వెన పళ్లలా సన్నటి రెక్కలుంటాయి. ఆ రెక్కల మధ్య నుంచి నీళ్లు పారి వేడిని తీసుకుంటాయి. ట్యూబుల గుండా రేడియేటర్‌కి వెళ్తాయి. అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని గదిలోకి ఊదేస్తాయి. మళ్లీ చిన్న ట్యాంకులోకి, పంపులోకి, బ్లాక్‌లోకి. మన కారులో జరిగేది కూడా ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నేనూ పొరబడ్డాను. నీళ్లు వేడిని మాయం చేయవు, మోసుకెళ్లి గదిలో పడేస్తాయి అంతే. గదిలో 35 డిగ్రీలు ఉంటే ఆ నీళ్లు 35 కంటే కిందికి ఎప్పటికీ రావు.

ఇంకోటి. బ్లాక్‌లోకి చన్నీళ్లు వెళ్లి, అటువైపు నుంచి కాగిన నీళ్లు వస్తాయనుకున్నాను, మన గీజర్‌లాగా. తను ఒప్పుకోలేదు. నీళ్లు నింపేటప్పుడు వెనక్కి వచ్చే ట్యూబు చివరను లీటరు బాటిల్‌లో పెట్టి, గడియారం చూసింది. అరనిమిషంలో బాటిల్ నిండింది. ఆ అరనిమిషం నేను ట్యాంకులో నీళ్లు పోస్తూనే ఉన్నాను. పంపు ఖాళీగా తిరిగితే పాడైపోతుంది కదా. తర్వాత నోట్‌బుక్‌లో లెక్క వేసింది. నిమిషానికి 2 లీటర్లు, అంటే సెకనుకు 33 గ్రాములు. ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 జౌళ్లు కావాలి. ప్రాసెసర్ సెకనుకు ఇచ్చేది 140 జౌళ్లు. భాగిస్తే వచ్చేది ఒక్క డిగ్రీ! లోపలికెళ్లే నీళ్లకీ బయటికొచ్చే నీళ్లకీ తేడా అంతే. ఫిజిక్స్ పుస్తకంలో ఉండే ఆ సూత్రాన్ని నేను పరీక్షకి బట్టీ పట్టాను. దానితో ఒక పని చేయొచ్చని నాకు నలభై నాలుగేళ్లకి తెలిసింది.

బిగించడానికి మూడు రోజులు పట్టింది. నీళ్లు పోశాక వెంటనే కంప్యూటర్ ఆన్ చేయకూడదు. ముందు పంపుకి మాత్రమే కరెంటు ఇవ్వాలి. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కేబుల్‌ని బోర్డుకు పెట్టకుండా, దాని చివర జంపర్ అనే చిన్న ప్లగ్ పెడితే పవర్ సప్లై పంపుని నడుపుతుంది. మిగతా వాటికి వెళ్లే కేబుళ్లన్నీ ముందే తీసేసి ఉండాలి, లేకపోతే వాటికీ కరెంటు వెళ్తుంది. ప్రతి జాయింటు కిందా టిష్యూ పేపర్ పరిచి, ఒక రోజంతా అలా తిప్పాం. నాలుగో గంటలో ఒక కాగితం తడిసింది. మూడంటే మూడు చుక్కలు. విప్పి చూస్తే ఫిట్టింగ్ లోపలి రబ్బరు రింగు మడతపడి ఉంది. సరిచేసి, మళ్లీ మొదటి నుంచి ఒక రోజు. రెండోసారి కాగితాలన్నీ పొడిగా ఉన్నాయి.

ఆన్ చేసిన రాత్రి తను మూడు అంకెలు రాసుకుంది. గది 28 డిగ్రీలు, నీళ్లు 35, ప్రాసెసర్ 70. ఫ్యాన్ల చప్పుడు మా అమ్మకి వినపడలేదు. అప్పటికే నిద్రపోయింది.

నేను మార్చిన రెండు వస్తువులు

ఇక నా సంగతి. తను రాసిచ్చిన కొనాల్సిన వాటి లిస్టులో రేడియేటర్ దగ్గర "రాగిది మాత్రమే" అని కింద గీత గీసి మరీ రాసింది. ఆర్డర్ పెట్టింది నేను. అదే సైజు, అదే ఆకారం, నల్ల రంగు, మూడో వంతు ధరకి ఇంకోటి కనపడింది. చిన్న అక్షరాల్లో అల్యూమినియం అని ఉంది. కార్లలో ఉండేవి అల్యూమినియంవే కదా అనుకుని అదే పెట్టేశాను. లిస్టులో కూలెంట్ అని కూడా ఉంది. "నీళ్లకి అంత డబ్బా" అని, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెచ్చాను. పార్సిల్ విప్పినప్పుడు తను రేడియేటర్ చేత్తో పట్టుకుని "తేలిగ్గా ఉందేంటి నాన్నా" అంది. "ఏం కాదులే, బిగించు" అన్నాను. తను బిగించింది.

నాలుగు నెలలు బాగానే నడిచింది.

ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి మన స్కూల్లో ఎగ్జిబిషన్ ఉంటుందని మీకు తెలుసు. గ్రహణాలు ఎలా వస్తాయో చూపించే రెండు నిమిషాల వీడియో చేస్తానని తను పేరిచ్చింది. సెకనుకు 24 బొమ్మలు, రెండు నిమిషాలకు 2880 బొమ్మలు. ఒక్కోదానికి నిమిషం చొప్పున 48 గంటలు. "రెండు రోజులు ఆన్‌లో ఉంచితే అయిపోతుంది నాన్నా" అంది. రెండు రోజులైంది, కాలేదు. మూడో రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి తను కంప్యూటర్ ముందే ఉంది. అదే వారంలో స్లిప్ టెస్టులో మ్యాథ్స్ మార్కులు తగ్గాయి. నేను రెండూ కలిపి చూశాను.

"రెండు రోజులన్నావు. దాని మీద ఇంకేం చేస్తున్నావు? గేములా?"

"లేదు నాన్నా. బొమ్మకి నిమిషం పట్టేది ఇప్పుడు నిమిషం ఇరవై సెకన్లు పడుతోంది. ప్రాసెసర్ 90 దాటనివ్వకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటోంది. ఎందుకో చూస్తున్నా."

"ఎండలు మొదలయ్యాయి కదా, వేడెక్కదా మరి? ఏదో ఒకటి కెలికి ఉంటావు."

కీబోర్డు, మౌసు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. తను గొడవ చేయలేదు. నిజానికి గొడవ చేసి ఉంటే నేను ఇంకాస్త ఆలోచించేవాణ్ణేమో. ఏడు రోజులు ఆ తాళం అలాగే ఉంది.

నోట్‌బుక్ చెప్పింది

ఎనిమిదో రోజు, ఆదివారం. టిఫిన్ చేస్తుంటే తన నోట్‌బుక్ తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టి వెళ్లిపోయింది. అక్టోబరు నుంచి ప్రతి వారం రాసిన అంకెలు. మొదటి వరుస: గది 28, నీళ్లు 35, ప్రాసెసర్ 70. చివరి వరుస: గది 30, నీళ్లు 35, ప్రాసెసర్ 90. కింద రెండు ప్రశ్నలు రాసి ఉన్నాయి. "నీళ్లకీ గదికీ తేడా ఎంత? ప్రాసెసర్‌కీ నీళ్లకీ తేడా ఎంత?"

నేను లెక్కల మనిషిని. అకౌంట్స్‌లోనే పని చేస్తాను. అంకెలు ముందుంటే చూడకుండా ఉండలేను. మొదటి తేడా అప్పుడు 7, ఇప్పుడు 5. ప్రాసెసర్ వేగం తగ్గించుకుంది కాబట్టి వేడి కూడా తగ్గింది, అందుకే 5. అంటే నీళ్ల నుంచి గదిలోకి వేడి బాగానే పోతోంది. ఫ్యాన్లు, దుమ్ము, ఎండలు, ఇవేవీ కారణం కాదు. రెండో తేడా అప్పుడు 35, ఇప్పుడు 55. వేడి తగ్గినా ఆ తేడా పెరిగింది. అంటే ప్రాసెసర్ నుంచి నీళ్లలోకి వేడి ఎక్కడం లేదు. అడ్డం ఏదో బ్లాక్ దగ్గరే ఉంది.

ఎండల వల్ల అని నేను చెప్పిన మాట, నేను ఆ మాట అనకముందే తప్పని ఆ పేజీలో ఉంది. నేను పేజీ తిప్పి చూడలేదంతే.

బీరువా తాళం తీశాను. ఇద్దరం కూర్చున్నాం. బ్లాక్ దగ్గర అడ్డం ఉండాలంటే రెండే దారులు. ఒకటి, ప్రాసెసర్‌కీ బ్లాక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోవడం. రెండు, బ్లాక్ లోపల నీళ్లు సరిగా పారకపోవడం. ముందు సులువైనది చేద్దామంది. పాత పేస్ట్ తుడిచి కొత్తది పూశాం. రెండు డిగ్రీలు తగ్గింది, అంతే. తర్వాత మళ్లీ అదే బాటిల్ పరీక్ష. అక్టోబరులో అరనిమిషంలో నిండిన లీటరు బాటిల్‌కి ఇప్పుడు నిమిషంన్నర పైనే పట్టింది.

నీళ్లు బకెట్‌లోకి వదిలాం. బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. బ్లాక్ విప్పితే ఆ రాగి దువ్వెన పళ్ల మధ్య తెల్లటి బూడిద రంగు జిగురు నిండిపోయి ఉంది. కొన్ని చోట్ల వెలుతురు కూడా కనపడలేదు.

తను ఏమీ అనలేదు. కెమిస్ట్రీ పుస్తకం తెచ్చి లోహాల రియాక్టివిటీ సిరీస్ ఉన్న పేజీ తీసింది. అల్యూమినియం పైన, రాగి బాగా కింద. రెండూ ఒకే నీళ్లలో ఉంటే, నీళ్లలోకి కొంచెం కొంచెంగా చేరిన రాగి వెళ్లి అల్యూమినియం మీద పేరుకుంటుంది. అక్కడ ఒక చిన్న బ్యాటరీలాంటిది తయారై అల్యూమినియాన్ని తినేస్తుంది. తిన్నది తెల్లటి పదార్థంగా నీళ్లలో కొట్టుకొచ్చి, అన్నింటికంటే ఇరుకైన చోట ఇరుక్కుంటుంది. ఆ ఇరుకైన చోటే బ్లాక్. మరి కార్లలో ఎందుకు కాదు? అక్కడ తుప్పును ఆపే మందు కలిపిన కూలెంట్ పోస్తారు. అల్యూమినియం రేడియేటర్‌తో సీలు చేసి అమ్మే రెడీమేడ్ వాటర్ కూలర్లలోనూ అంతే. మేం పోసింది ఏ మందూ లేని ఉత్త నీళ్లు. అంటే రేడియేటరూ నేనే మార్చాను, కూలెంటూ నేనే మార్చాను. తను రాసింది రాసినట్టు కొని ఉంటే ఇది జరిగేది కాదు.

మా అమ్మ అప్పటిదాకా మంచం మీద నుంచి చూస్తూ ఉంది. "రాగీ సత్తూ కలిపి పెట్టారా? ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టాలంటే కళాయి వేయించందే పెట్టేవాళ్లం కాదురా మేము" అని, వంటింట్లోకి వెళ్లి గుప్పెడు చింతపండు నానబెట్టి తెచ్చింది. "రాగి చెంబు దీంతోనే కదా తోమేది." ఆ రసాన్ని తను పీచు లేకుండా రెండుసార్లు గుడ్డలో వడకట్టింది. పాత టూత్ బ్రష్‌తో మెల్లగా తోమింది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో ఎన్నిసార్లు కడిగిందో లెక్కలేదు. పైన ఉండే అక్రిలిక్ మూతని స్పిరిట్‌తో తుడవబోతే ఆపింది, పగుళ్లు వస్తాయట. ఆ గంటలో నానమ్మ, మనవరాలు పని చేశారు. నేను టార్చిలైట్ పట్టుకున్నాను.

టార్చ్ పట్టుకునే "నాది తప్పమ్మా" అన్నాను. మా అమ్మ ముందే. తను తోముతూనే "లిస్టులో రాశాను కదా నాన్నా" అంది. అంతే. ఇంకో మాట అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ తర్వాత

రాగి రేడియేటర్, కూలెంట్ వచ్చేసరికి ఎగ్జిబిషన్‌కి ఒక్క రాత్రే మిగిలింది. ఆ రోజు తను చూపించిన వీడియో 1 నిమిషం 10 సెకన్లు. సూర్యగ్రహణం వరకే అయింది. చంద్రగ్రహణం మొదలవుతుండగా ఆగిపోతుంది. మీలో కొందరు ఆ స్టాల్ దగ్గర ఆగి ఉంటారు. ఒక పెద్దమనిషి "మిగతాది ఏదమ్మా?" అని అడిగితే తను "టైమ్ సరిపోలేదు అంకుల్" అంది. మా నాన్న కీబోర్డు దాచారని చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను. బీరువాలో పోయిన ఆ ఏడు రోజులు కొత్త రేడియేటర్ కొనిచ్చినా తిరిగి రావు.

మళ్లీ బిగించాక తను నోట్‌బుక్‌లో ఒక అంచనా రాసింది. "ఏప్రిల్‌లో గది 36 అయితే, నీళ్లు 43, ప్రాసెసర్ 78 రావాలి." ఏప్రిల్ రెండో వారంలో గది 36 అయింది. నీళ్లు 43. ప్రాసెసర్ 78, మధ్య మధ్యలో 79. ఆ పేజీ నాకు చూపించి నవ్వింది. ఆ నవ్వు కోసం ఎదురుచూస్తున్నానని అప్పుడే తెలిసింది.

మీ పిల్లలు ఇలాంటిది చేస్తామంటే నాకు తెలిసిన కొన్ని మాటలు చెబుతాను. చదువుకోవడానికైతే ఇది అవసరమే లేదు. మామూలు కంప్యూటర్, మామూలు కూలర్ చాలు. చేయాలనే సరదా ఉండి, చేస్తే మాత్రం నీళ్లు తగిలే లోహాలన్నీ రాగి, ఇత్తడి, నికెల్ పూత ఉన్నవే తీసుకోండి. అల్యూమినియం కలపొద్దు. ఉత్త నీళ్లు కాకుండా తుప్పును, నాచును ఆపే కూలెంట్ పోయండి. ఒక రోజంతా పంపు మాత్రమే తిప్పి, కాగితాలు పొడిగా ఉన్నాకే మిగతా వాటికి కరెంటు ఇవ్వండి. విప్పేటప్పుడు గోడ దగ్గర ప్లగ్ పీకేయండి. పవర్ సప్లై డబ్బాని మాత్రం ఎప్పుడూ, ఎవరూ విప్పొద్దు. మొదటి రోజు నుంచే గది, నీళ్లు, ప్రాసెసర్, ఈ మూడు అంకెలూ రాయించండి. ఏదైనా తేడా వస్తే ఎవరినీ అడగకముందు ఆ అంకెలను అడగండి.

ఇంకొకటి. వాళ్లు లిస్టు రాసిస్తే అందులో ఒక వస్తువు మార్చే ముందు "ఇదే ఎందుకమ్మా?" అని ఒక్కసారి అడగండి. నేను అడగడానికి రెండు నిమిషాలు పట్టేది. అడగనందుకు పట్టిన టైమ్ మీరు చదివారు.

మిగిలిన చంద్రగ్రహణం వేసవి సెలవులు ఇచ్చే ముందు వారంలో పూర్తయింది. పూర్తి వీడియోని సైన్స్ టీచర్ గారు ఏడో తరగతి పిల్లలకి క్లాసులో వేసి చూపించారట. జూన్ నుంచి మా అమ్మాయి టెన్త్. ఫౌండేషన్ క్లాసులు, స్లిప్ టెస్టులు అన్నీ మీకు తెలిసినవే. కంప్యూటర్ టైమ్ ఎంత ఉండాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని, ఆ నోట్‌బుక్‌లోనే రాసుకున్నాం. ఆదివారం మూడు గంటలు. మార్చాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. బీరువా తాళంచెవి మా అమ్మ దగ్గర ఉంది.